కోస్తా దెల్ సోల్‌లో ఒక రోజు: అమ్మ మోకాళ్ళు, మా గైడ్ లెక్కలు

స్పెయిన్‌లో మాడ్రిడ్ నుంచి టొలెడోకి బస్సు టూరులో వెళ్ళొచ్చిన రాత్రే మా నలుగురిలో తీర్మానం అయిపోయింది. మాలగాలో మాత్రం గుంపుతో తిరిగేది లేదు. గైడ్ గొడుగు పైకెత్తి ముందు నడిచిపోతుంటే వెనకాల అమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కడం, నేను ముందుకీ వెనక్కీ పరిగెత్తడం, మా ఆవిడ పిల్లాణ్ణి వెతకడం. ఏం చూశారంటే చెప్పడానికి ఏమీ లేదు. అమ్మకి డెబ్బై దాటాయి, మా వాడికి పదేళ్ళు. ఈ ఇద్దరి నడకా ఏ బస్సు టైంటేబుల్‌కీ కుదరదు.

మాడ్రిడ్ నుంచి మాలగాకి ఫాస్ట్ రైల్లో రెండున్నర గంటలే. పికాసో 1881లో పుట్టిన ఊరు. దానికి పడమర వైపు టొర్రెమొలినోస్, మార్బెయ్యా, తూర్పు వైపు నెర్హా. ఈ మొత్తం తీరాన్నే కోస్తా దెల్ సోల్ అంటారు. ఎండ కోసం చలి దేశాల వాళ్ళు ఎగబడి వచ్చే చోటు. ఎండ కొత్తేమీ కాని మనం అక్కడికెందుకు వెళ్ళాలంటే, ఒకవైపు సముద్రం, దాన్ని ఆనుకునే కొండలు, ఆ కొండల మీద సున్నం వేసిన తెల్లటి ఊళ్ళు. ఈ మూడూ ఒక్క రోజులో చూసెయ్యొచ్చు. బండీ, గైడూ సరిగ్గా కుదిరితే.

ఆ కుదర్చడానికే టైము పట్టింది. నెట్‌లో వెతికితే ప్రైవేటు టూర్లు కుప్పలు. మొదట మాట్లాడిన ఏజెన్సీ వాళ్ళు మంచి ఊపు మీద ఒక ప్లాన్ పంపారు. పొద్దున్న మిహాస్ అనే తెల్లటి ఊరు, ఆ తర్వాత మార్బెయ్యా, పడవలూ ఖరీదైన కార్లూ ఉండే ప్వెర్తో బానూస్, మధ్యాహ్నం రోండా, సాయంత్రానికి వెనక్కి. మ్యాపు తీసి చూస్తే రోండా ఉన్నది తీరం మీద కాదు, మాలగాకి వంద కిలోమీటర్ల దూరంలో కొండల్లో. అంటే రోజులో సగం మలుపుల రోడ్డు మీదే. "గైడ్ మాతోపాటు దిగి నడుస్తారా?" అని అడిగాను. "మా డ్రైవర్‌కి ఇంగ్లీషు బాగా వచ్చు సార్, దారంతా చెప్తూనే ఉంటాడు" అని జవాబు. నేనడిగింది అది కాదు. మాలగా ఉన్న ఆండలూసియా రాష్ట్రంలో గైడ్‌గా పనిచెయ్యాలంటే అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు ఉండాలి. ఆ కార్డు సంగతి ఎత్తేసరికి మెయిల్స్ రావడం ఆగిపోయింది. ఇంగ్లీషొచ్చిన డ్రైవర్ మంచివాడే కావచ్చు, కానీ గైడ్ ధర తీసుకుని డ్రైవర్‌ని పంపుతామంటే ఎలా?

తర్వాత నేరుగా ఒక గైడ్‌కే రాశాం. యాభై దాటిన ఆవిడ, మాలగాలోనే పుట్టి పెరిగింది. అడక్కుండానే కార్డు ఫోటో పంపి, కింద మూడు ప్రశ్నలు రాసింది. మీ అమ్మగారు ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరు? మీలో ఎవరు ఏం తినరు? బాబుకి కారులో వాంతులవుతాయా? మా ఆవిడ ఫోన్ చూసి "ఇంక వెతకొద్దు, ఈవిడే" అంది.

రోండా వద్దు, తూర్పు వైపు వెళ్దాం అంది గైడ్. నెర్హా గుహలు, ఫ్రిహిలియానా అనే కొండ మీద పల్లె, నెర్హా ఊరు, మళ్ళీ తీరం వెంబడి వెనక్కి. మార్బెయ్యా ఊసు ఎత్తితే "పడవలు చూడ్డం మీకు ఇష్టమా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. అంతటితో అది లిస్టులోంచి పోయింది.

గైడ్, విడిగా డ్రైవర్, ఎనిమిది సీట్ల వ్యాను, డీజిలు, పార్కింగు అన్నీ కలిపి పది గంటలకి 560 యూరోలు. అప్పటి రేటులో యాభై ఆరు వేల పైమాటే. గుహ టికెట్లూ భోజనాలూ మనవి. నలుగురం బస్సు టూరులో పోతే ఇందులో సగం కూడా అవదు, అది నిజమే. ఇద్దరే వెళ్తుంటే నేనైతే బస్సే ఎక్కేవాణ్ణి, లేదా నెర్హాకి మామూలు సర్వీసు బస్సు ఉంది, అది. పెద్దవాళ్ళూ పిల్లలూ ఉన్నప్పుడే ఈ లెక్క గిట్టుబాటవుతుంది. అడ్వాన్సు అయిదో వంతు. రెండు రోజుల ముందు వరకు మానుకుంటే మొత్తం వెనక్కి ఇస్తామని రాసి పంపింది. అది మెయిల్లో రాతపూర్వకంగా ఉండటం ముఖ్యం, ఫోన్‌లో మాట కాదు.

ఇంకో చిన్న సంగతి. మాలగా పాత ఊరంతా నడకదారులే, హోటల్ గుమ్మం దగ్గరికి బండి రాదు. అందుకని అలమేదా ప్రిన్సిపాల్ అనే పెద్ద రోడ్డు మీదికి రమ్మంది. హోటల్ నుంచి అక్కడికి అమ్మ నడకలో ఎంతసేపు పడుతుందో కూడా అంచనా వేసి పంపింది. వ్యాను వెనక నంబర్ ప్లేటు నీలం రంగులో ఉంటుంది చూసుకోండి అని రాసింది. స్పెయిన్‌లో టాక్సీలకీ, డ్రైవర్‌తో అద్దెకి ఇచ్చే బళ్ళకీ వెనక నీలం ప్లేటే ఉండాలట. తెల్ల ప్లేటు బండి వస్తే పర్మిట్ లేనట్టే.

అక్టోబర్ మొదటి వారం. తొమ్మిదింటికి బయల్దేరాం. అమ్మ అయిదింటికే లేచి తయారై కూర్చుంది గానీ, ఆ ఊళ్ళో ఎనిమిది దాటితే గానీ సూర్యుడు రాడు. గైడ్ అమ్మని కుడివైపు కిటికీ పక్కన కూర్చోబెట్టింది. తూర్పుకి వెళ్తుంటే సముద్రం ఉండేది ఆ వైపే. వచ్చేటప్పుడు ఎడమవైపుకి మార్చింది. ఇన్ని టూర్లు చేశాం, ఎవరూ ఇది పట్టించుకోలేదు.

హైవే ఊళ్ళకి పైన, కొండ వాలు మీదుగా సొరంగాల్లోంచి పోతుంది. కింద సముద్రం, పైన చెట్లు. అమ్మే ముందు కనిపెట్టింది. "ఒరేయ్, అవి మామిడి చెట్లురా!" నిజంగానే మామిడి. అక్సార్కియా అనే ఈ ప్రాంతంలో కొండ మంచుని ఆపేస్తుంది, సముద్రం చలిని రానివ్వదు. అందుకని మామిడీ, అవకాడో తోటలు పెరిగిపోయాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో మామిడి కాపు. గైడ్ ఈ తోటల గురించి గొప్పలు పోలేదు. వీటికి నీళ్ళిచ్చే విన్యువేలా రిజర్వాయరు 2024 మొదట్లో పదో వంతుకన్నా కిందికి పడిపోయిందనీ, ఆ రోజుల్లో కొన్ని ఊళ్ళకి రాత్రిళ్ళు కుళాయిలు కట్టేశారనీ చెప్పింది. అమ్మకి తెలుగులో చెప్తే "మనకి మల్లేనే" అని ఊరుకుంది.

నెర్హా గుహల దగ్గర పార్కింగులో అప్పటికే రెండు బస్సులున్నాయి. టికెట్లు ముందే టైముతో సహా బుక్ చేసి ఉంచాం. ఇక్కడ గైడ్ అన్న మాటకి నేను ఆశ్చర్యపోయాను. "లోపల వందల మెట్లున్నాయి, ఆడియో గైడ్ ఇస్తారు, నా అవసరం లేదు. మీరు ముగ్గురూ వెళ్ళండి, నేను అమ్మతో ఉంటాను."

గుహ గురించి కొంచెం చెప్పాలి. 1959 జనవరి 12న పక్కనున్న మారో పల్లె కుర్రాళ్ళు అయిదుగురు గబ్బిలాల కోసం ఒక కన్నంలో దూరి, లోపలికి పాకుతూ పోయి, మనుషుల అస్థిపంజరాలు చూసి హడలిపోయి బయటపడ్డారు. ఇప్పుడు గేటు దగ్గర ఆ అయిదుగురి విగ్రహాలున్నాయి. మా వాడికి ఆ రోజంతటిలో బాగా నచ్చింది ఆ విగ్రహాలే. వాళ్ళలో ఎవరు ముందు దూరారు, వాళ్ళమ్మ తిట్టిందా లేదా అని సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నాడు. లోపల బయటి ఎండ ఏమీ తెలియదు, ఏడాది పొడుగునా ఒకే చల్లదనం, ఒళ్ళంతా చెమ్మ. చివరి గదిలో కిందనుంచి పైకప్పు దాకా ఒకటే స్తంభం, 32 మీటర్ల ఎత్తు. నీటి బొట్టూ సున్నమూ కలిసి కట్టిన స్తంభం. ప్రపంచంలోని పెద్ద గుహ స్తంభాల్లో ఇదొకటి. ఆదిమానవులు గీసిన బొమ్మలున్న గదులు మాత్రం చూడనివ్వరు. ఆడియో గైడ్ ఏం చెప్పిందో నాకు పెద్దగా గుర్తులేదు. మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు వణకడం గుర్తుంది. అమ్మని తీసుకురాకపోవడం ఎంత మంచిదైందో అప్పుడు తెలిసింది.

బయటికొస్తే వాళ్ళిద్దరూ లేరు. ఫోన్ చేస్తే అయిదు నిమిషాల్లో వ్యాను వచ్చింది. గైడ్ అమ్మని కిందనే ఉన్న మారోకి తీసుకెళ్ళిందట. చిన్న చర్చి, ముందర చిన్న ఆవరణ, బెంచీలు, ఎదురుగా కొండ అంచు నుంచి సముద్రం. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఆవిడకి ఇద్దరు కూతుళ్ళనీ, చిన్నదానికి ఈ మధ్యే పెళ్ళయిందనీ, అల్లుడి వరస నచ్చలేదనీ అమ్మ మాకు చెప్పింది. అల్లుడి సంగతి ఎలా తెలిసిందని అడిగితే "మొహం చూస్తే తెలీదేంటి" అంది.

గుహల నుంచి ఫ్రిహిలియానా వెళ్ళే ముందు గైడ్ రోడ్డు పక్కన బండి ఆపించింది. లోయకి అడ్డంగా నాలుగు అంతస్తుల ఇటుక కట్టడం, 37 కమానులు. ఆగిలా అక్విడక్ట్. అందరూ రోమన్లు కట్టారనుకుంటారట, కానీ పంతొమ్మిదో శతాబ్దంలో మారోలో ఉన్న చక్కెర మిల్లుకి నీళ్ళు పంపడానికి కట్టింది. చక్కెర మిల్లు అన్న మాట వినగానే అమ్మ తల తిప్పింది. ఆవిడ పుట్టిల్లు అనకాపల్లి.

అక్కణ్ణుంచి కథ చెరుకు మీదికి మళ్ళింది. అరబ్బులు తెచ్చిన చెరుకు ఈ తీరంలో వెయ్యేళ్ళపాటు పండింది. మిల్లులు ఒక్కొక్కటే మూతపడి, ఆఖరిది పక్కనున్న గ్రనాడా జిల్లా తీరంలో 2006లో ఆగిపోయింది. ఫ్రిహిలియానాలో మాత్రం ఊరి మొదట్లోనే పాత జమీందారుల భవంతిలో ఒక కార్ఖానా మిగిలింది. చక్కెర కాదు, చెరుకు రసాన్ని కాచి చిక్కబెట్టిన నల్లటి పాకం చేస్తారు. మియెల్ దె కాన్యా అని ఎర్ర లేబుళ్ళ సీసాల్లో అమ్ముతారు. కొట్టులో చెంచాతో రుచి చూపిస్తే అమ్మ నాలిక మీద వేసుకుని, కాసేపు ఆగి, "ఇది పానకమేరా బాబూ. బెల్లం పొయ్యి మీంచి దించడానికి ముందు గరిటెతో తీసి ఇచ్చేవారు మాకు" అంది. ఇంకో చెంచా అడిగింది. నేను తర్జుమా చేసేదాకా ఆగి, గైడ్ ఆ పొయ్యి ఎలా ఉండేది, పెనం ఎంత ఉండేదని అడగడం మొదలెట్టింది. అమ్మ రెండు చేతులూ చాపి చూపించింది. కొట్టు అమ్మాయి కూడా పని ఆపి వింది. బస్సులో వచ్చుంటే ఆ పది నిమిషాలు ఎవరిస్తారు?

ఊరు నిజంగా అందంగా ఉంది, కానీ అన్నీ మెట్లే. గైడ్ అమ్మనీ మా ఆవిడనీ చక్రాల మీద తిరిగే టూరిస్టు బొమ్మ రైల్లో ఎక్కించి, నన్నూ మా వాణ్ణీ పాత వీధుల్లోకి నడిపించింది. గుండ్రాళ్ళతో ముగ్గుల్లా పరిచిన దారులు, తెల్ల గోడలకి నీలం తలుపులు, కుండీలు. గోడల మీద అక్కడక్కడా పింగాణీ పలకలు పెట్టి ఊరి కథ రాశారు. ఆ కథ అందంగా ఉండదు. బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన ముస్లింలు ఇక్కడ తిరగబడి, 1569లో ఊరి వెనకున్న కొండ మీద ఓడిపోయారు. బతికినవాళ్ళని తరిమేశారు. ఇళ్ళలోకి వేరేచోట్ల నుంచి తెచ్చి జనాన్ని దింపారు. గైడ్ దాన్ని దాచలేదు, కన్నీళ్ళూ కార్చలేదు. "ఈ వీధుల ప్లాను వేసినవాళ్ళు వేరు, ఫోటోల్లో పడుతున్న పూలకుండీల వాళ్ళు వేరు" అంది, అంతే.

భోజనం ఒంటిగంటన్నరకి. అంతకుముందు చాలాచోట్ల వంటగదులే తెరవరు, అమ్మకి పన్నెండింటికే ఆకలి. గైడ్ ముందే అనుకుని వ్యానులో అరటిపళ్ళూ బాదంపప్పూ పెట్టుకొచ్చింది. శాకాహారం అక్కడ తేలిక కాదు. టమాటాతో చేసే సాల్మొరేహో అనే చల్లటి సూపు చూడ్డానికి శాకాహారమే, పైన మాత్రం గుడ్డు ముక్కలూ పందిమాంసం తరుగూ చల్లుతారు. పచ్చి కూరల సలాడ్‌లో ట్యూనా చేప ఉంటుంది. "సిన్ హమోన్, సిన్ అతూన్" అని వెయిటర్‌కి చెప్పడం మాకు నేర్పించింది. అదీ లేకుండా, ఇదీ లేకుండా అని. అమ్మకి అహో బ్లాంకో తెప్పించింది. బాదం, వెల్లుల్లి, రొట్టె, ఆలివ్ నూనె కలిపి రుబ్బిన చల్లటి తెల్ల సూపు, పైన ద్రాక్షలు. ఆ తర్వాత సన్నగా తరిగి వేయించిన వంకాయల మీద ఇందాకటి చెరుకు పాకం పోసి పెట్టారు. "వంకాయ మీద పానకమేంటే!" అని కోడలికేసి చూసి నవ్వి, ప్లేటు ఖాళీ చేసింది. సూపు మాత్రం రెండు చెంచాలతో ఆపేసింది. పచ్చి వెల్లుల్లి ఘాటు ఆవిడకి పడలేదు.

నెర్హా ఊళ్ళో బాల్కోన్ దె ఎవురోపా అని సముద్రంలోకి పొడుచుకొచ్చిన గట్టు ఉంది. అంతా చదునే, అమ్మ ఒక్కతే చివరిదాకా నడిచింది. అక్కడ రెయిలింగ్ ఆనుకుని ఒక రాజు కంచు విగ్రహం. పన్నెండో అల్ఫోన్సో. 1884 క్రిస్మస్ రాత్రి ఈ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చి వందలమంది పోయారు. తర్వాతి నెలలో రాజు పరామర్శకి వచ్చి ఇక్కడ నిలబడి, ఇది ఐరోపాకి బాల్కనీ అన్నాడట, ఆ పేరే నిలిచిందట. "ఆధారం అడక్కండి" అంది గైడ్. చోటు బావుంది, జనం మరీ ఎక్కువ. ఇరవై నిమిషాలు చాలు. ఐస్‌క్రీం ధర వినకుండా ఉంటే ఇంకా బావుంటుంది.

వెనక్కి హైవే మీద కాకుండా పాత తీరం రోడ్డు మీద తీసుకొచ్చారు. గుట్టల మీద గుండ్రటి పాత కాపలా బురుజులు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తూ వచ్చాయి. ఆఫ్రికా తీరం నుంచి వచ్చే సముద్రపు దొంగల్ని కనిపెట్టడానికి కట్టినవి. పొగ, మంట చూపించి పక్క బురుజుకి కబురు పంపేవారట. రోడ్డు పక్కన మామిడిపళ్ళ బండి కనిపిస్తే అమ్మ ఆపించింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఏరి, నాలుగు కొంది. ఆస్టీన్ రకం, ఊదా రంగు తొక్క. రాత్రి హోటల్లో కోశాక తీర్పు చెప్పింది. "పీచు లేదు. తీపి ఉంది. వాసన లేదు."

మాలగాలోకి వచ్చే ముందు ఎల్ పాలో అనే పాత జాలరి పేటలో ఆగాం. ఇసుక మీద ఒక పాత పడవ, దాని నిండా ఇసుక, ఆ ఇసుకలో ఆలివ్ కట్టెల మంట. చేపలు కాల్చే ఆయన ఒక్కోసారి ఆరు సార్డిన్లని వెన్నెముక కిందుగా రెల్లు పుల్లకి గుచ్చుతున్నాడు. పైకి గుచ్చితే కండ ఉడికాక జారి పడిపోతుందట. కల్లుప్పు చల్లి, పుల్లని ఇసుకలో ఏటవాలుగా దించాడు, పొగ తగలకుండా గాలి వచ్చే వైపున. చేప మంట మీద ఉండదు, మంట పక్కన ఉంటుంది. తొక్క బుడగలు లేచి, నూనె ఇసుకలోకి బొట్టుబొట్టుగా కారుతుంటే పుల్లని ఒక్కసారి తిప్పాడు. ఇదే ఎస్పెతో. మంచి సార్డిన్ వేసవిలో దొరుకుతుంది, అక్టోబర్‌లో అంత కొవ్వు పట్టి ఉండదని గైడ్ ముందే చెప్పేసింది. అయినా నాకు బ్రహ్మాండంగా అనిపించింది. ఇందాకటి రాజుగారే ఇక్కడికొచ్చి ఫోర్కుతో తినబోతే, వండినాయన "అలా కాదు ప్రభూ, చేత్తో" అన్నాడని ఇక్కడి కథ. గైడ్‌కి రెండు కథల్లో ఇదే నమ్మకం. మాకు చెప్పాల్సిన పని ఎలాగూ లేదు. అమ్మ మాత్రం కుర్చీ గాలికి ఎదురుగా వేయించుకుని, చేపల వైపు వీపు పెట్టి కూర్చుని కాఫీ తాగింది.

ఇక్కడే గైడ్ అసలు సంగతి చెప్పింది. 1959 దాకా ఈ తీరంలో చాలావరకు ఇలాంటి పేటలే. ఆ ఏడాదే గుహ బయటపడింది, ఆ ఏడాదే టొర్రెమొలినోస్‌లో పెస్ ఎస్పాదా అనే పెద్ద లగ్జరీ హోటల్ తెరిచారు. ఆ తర్వాత పదిహేనేళ్ళలో వలలు ఆరేసుకునే చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. వాళ్ళ నాన్న కూడా పడవ అమ్మేసి హోటల్లో పనికి చేరినవాడే. మంచిదా చెడ్డదా అంటే "నేను గైడ్‌ని, నా జీతం ఎక్కడిది మరి?" అని నవ్వింది.

ఏడున్నరకి అలమేదాలో దింపారు. మిగతా డబ్బు కార్డు మీద కట్టాం, రసీదు మెయిల్‌కి వచ్చింది. టిప్పు ఇవ్వాలన్న నియమం అక్కడ లేదు. డ్రైవర్‌కీ ఆవిడకీ కొంత ఇస్తే డ్రైవర్ తీసుకున్నాడు, ఆవిడ ముందు వద్దంది, అమ్మే ఆవిడ చేతిలో పెడితే తీసుకుంది. మర్నాటికి కూడా రమ్మని అడిగాను. ఖాళీ ఉందట, అయినా రానంది. "రేపు మీరు చూసేది హిబ్రల్ఫారో కోట. 35 నంబర్ బస్సు గుమ్మం దాకా వెళ్తుంది, అమ్మ కొండ ఎక్కక్కర్లేదు. దానికి నాకు డబ్బులెందుకు?" అని కాగితం మీద స్టాప్ ఎక్కడో గీసి ఇచ్చింది. ఆ బస్సులోనే వెళ్ళాం.